తుపానులు మొదలయ్యేలోపే ఆటోమేటిక్ ఆల్ వీల్ డ్రైవ్ బండ్లోళ్ళు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

మన నెల్లూరు, ప్రకాశం వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే, వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు వదలదు. 2021 నవంబర్లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవేనే తెగిపోయింది, 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఎట్టా కొట్టిందో అందరికీ తెలుసు. ఇట్టాంటప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ బండి ఉన్నోళ్ళకి ఒక మొండి ధైర్యం వచ్చేస్తాది, నాలుగు చక్రాలూ లాగుతాయి కదా, ఏం కాదులే అని నీళ్ళలోకి దింపేస్తారు. బురదలో పట్టు దొరుకుతాది నిజమే, కానీ కింద చక్రాలకి శక్తి పంచే గేర్ల డబ్బా అయిన డిఫరెన్షియల్‌లోకి, గేర్‌బాక్స్‌లోకి నీళ్ళు పోకుండా ఆ నాలుగు చక్రాలేం ఆపలేవు. పైగా మామూలు బండికంటే ఈ బండికి కింద నీళ్ళు దూరే చోట్లే ఎక్కువ.

ముందు ఒక విషయం తెలుసుకోండి. ఆటోమేటిక్ ఆల్ వీల్ డ్రైవ్‌లో ఇంజనాయిల్ కాకుండా గేర్‌బాక్స్‌కి ఒక ఆయిల్, ముందు వెనక చక్రాలకి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కి ఒకటి, వెనక డిఫరెన్షియల్‌కి ఇంకొకటి ఉంటాయి, కొన్ని బండ్లలో వెనక చక్రాలకి శక్తి కలిపే కప్లింగ్‌కి కూడా విడిగా ఉంటాది. సర్వీసుకి ఇస్తే చాలా చోట్ల ఇంజనాయిల్ మార్చి, ఫిల్టర్లు వేసి, వాటర్ వాష్ చేసి తాళాలు ఇచ్చేస్తారు, మనం అడగకపోతే మిగతావాటి మూత కూడా తియ్యరు. అందుకే జాబ్ కార్డులో ఇవన్నీ విడివిడిగా పేర్లు పెట్టి రాయించండి.

నీళ్ళు ఎట్టా దూరతాయో చెప్తా, ఇది తెలిస్తే మిగతాదంతా అదే అర్థమవుతాది. డిఫరెన్షియల్‌కీ గేర్‌బాక్స్‌కీ పైన బ్రీదర్ అని చిన్న గాలి గొట్టం ఉంటాది, లోపల ఆయిల్ వేడెక్కినప్పుడు ఆ గాలి బయటకి పోవడానికి. హైవే మీద గంటసేపు తోలుకొచ్చి, కాలిపోతా ఉన్న డిఫరెన్షియల్‌ని తీసుకెళ్ళి చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటాది, అప్పుడు ఆ బ్రీదర్ నుంచో, అరిగిపోయిన సీల్ పక్కనుంచో నీళ్ళని లోపలికి పీల్చుకుంటాది. చక్రం మధ్య దాకా నీళ్ళొచ్చాయంటే డిఫరెన్షియల్ మునిగినట్టే లెక్క. కాబట్టి ఇప్పుడే బండిని లిఫ్ట్ మీద పెట్టించి బ్రీదర్ గొట్టం ఊడిందా, బురదతో మూసుకుపోయిందా, యాక్సిల్ సీళ్ళ దగ్గర తడి ఉందా, సీవీ బూట్లు (యాక్సిల్ కీళ్ళ మీద ఉండే రబ్బరు తొడుగులు) చిరిగాయా అని లైటేసి చూపించమనండి. రొయ్యల గుంటల మీద తిరిగే బండ్లకి ఇది తప్పకుండా చెయ్యాల, ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు కట్టల మీద తిరిగే బండ్ల కింద ఉప్పు బురద అట్టే గట్టిపడిపోయి ఉంటాది.

గేర్‌బాక్స్ ఆయిల్ సంగతికొస్తే, కొన్ని బండ్లకి ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ ఉంటాది, ఇప్పుడొచ్చే చాలా బండ్లకి ఉండదు, కింద లెవెల్ ప్లగ్ విప్పి చూడాల్సిందే. అది కూడా ఇంజన్ ఆన్‌లో ఉండగా, ఆయిల్ ఒక లెక్క ప్రకారం వేడెక్కిన తర్వాతే చూడాల, చాలావాటికి 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాది ఆ లెక్క, బండి మాన్యువల్లో రాసి ఉంటాది. చల్లగా ఉన్నప్పుడు విప్పి బాగుందిలే అనే మెకానిక్ మాట నమ్మొద్దు. టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) ఉండే బండ్లలో కొత్త ఆయిల్ ఎక్కువగా ఎర్రగా ఉంటాది. నల్లబడి మాడువాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలతా ఉన్నాయని అర్థం. స్ట్రాబెర్రీ మిల్క్‌లాగా తెల్లగా గులాబీ రంగులో వచ్చిందంటే నీళ్ళు కలిసినాయి, వాన నీళ్ళే కానక్కర్లేదు, రేడియేటర్‌లో ఉండే ఆయిల్ కూలర్ లీకై కూలెంట్ కలిసినా ఇట్టానే వస్తాది. ఈ రంగు చూసిన తర్వాత బండిని ఇంటిదాకా కూడా తోలొద్దు, ఎందుకంటే క్లచ్ ప్లేట్ల మీద ఉండే లైనింగ్ కాగితంలాంటిది, గమ్ముతో అంటించి ఉంటాది, తడి తగిలితే ఊడొచ్చేస్తాది. గేర్‌బాక్స్ కింద ఆయిల్ ఉండే పాన్ విప్పినప్పుడు లోపలి అయస్కాంతం మీకే చూపించమనండి, దాని మీద బూడిద రంగులో మెత్తటి పేస్టు ఉంటే అది మామూలు అరుగుదలే, చేతికి గుచ్చుకునే ముక్కలు కనపడితే మాత్రం లోపల ఏదో విరిగింది.

బండి కుదుపుతా ఉంది, శబ్దం వస్తా ఉంది అనగానే గేర్‌బాక్స్ పోయిందని చెప్పేవాళ్ళు మనకి బాగా ఎక్కువ, విని భయపడి లక్షలు ఒప్పేసుకోవద్దండి, నాకు మనసుకి కష్టంగా ఉండేది ఇదే. ముందు బండి కంప్యూటర్లో ఫాల్ట్ కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి. పీ0700 అని ఒక్కటే వస్తే దానర్థం గేర్‌బాక్స్ కంప్యూటర్లో ఏదో ఫాల్ట్ ఉందని మాత్రమే, అసలు కోడ్ ఇంకొకటి లోపల ఉంటాది, ఆ కంప్యూటర్‌ని చదవగలిగే స్కానర్ కావాల. పీ0741 అయితే టార్క్ కన్వర్టర్ లాకప్ (జారకుండా నేరుగా పట్టేయడం) సంగతి, దీనికి ఆయిలో, ఆయిల్ దారి తెరిచి మూసే కరెంటు వాల్వు సాలినాయిడో కారణమై ఉండొచ్చు, అంతా విప్పాల్సిన పని లేకుండానే బాగుపడే అవకాశం ఉంది. బ్యాటరీ వీక్ అయినా పిచ్చి పిచ్చి కోడ్లు వస్తాయి. డీలోకి వేసేటప్పుడు దబ్బుమంటే ఇంజన్‌ని పట్టి ఉంచే రబ్బరు మౌంట్ చూడండి. స్పీడు పెరిగేకొద్దీ హూమ్ అంటా ఉంటే వీల్ బేరింగో టైరో అయ్యుండొచ్చు. స్టీరింగ్ ఫుల్‌గా తిప్పి మెల్లగా పోయేటప్పుడు బండి పట్టేసినట్టు, గుంజినట్టు ఉంటే కప్లింగ్‌నీ టైర్లనీ అనుమానించాల. రెండు టైర్లు మాత్రమే కొత్తవి వేసి రెండు అరిగినవి ఉంచితే చక్రాలు తిరిగే లెక్క తేడా వచ్చి కప్లింగ్ ఎప్పుడూ పని చేస్తానే ఉంటాది, వేడెక్కి పాడవుతాది. ఆల్ వీల్ డ్రైవ్‌కి నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాల, దీంట్లో పొదుపు చెయ్యొద్దు.

ఇక వాన పడేటప్పుడు. నెల్లూరులో మాగుంట లేఅవుట్, ఆత్మకూరు బస్టాండ్ దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలు తెలుసు కదా, కాసేపు గట్టిగా పడితే చాలు నిండిపోతాయి. ముందు బండి పోయిందని మీరు దిగొద్దు, చుట్టు తిరిగి పోండి. నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ కొట్టొద్దు, ఇంజన్లోకి నీళ్ళు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతాది. తాడు కట్టి ట్రాక్టరుతో లాగించొద్దు, ఇంజన్ ఆగితే గేర్‌బాక్స్ పంపు తిరగదు, లోపల ఆయిల్ అందదు, చక్రాలు తిరిగేకొద్దీ ఎండు ఎండుగా అరిగిపోతాది. ముందు చక్రాలు ఎత్తి వెనకవి నేలమీద పెట్టి లాగినా ఈ బండికి దెబ్బే. ఫ్లాట్‌బెడ్ వెహికల్‌నే పిలవండి. పవర్ లేక పీ (పార్కింగ్) నుంచి గేర్ లివర్ కదలకపోతే చాలా బండ్లలో లివర్ పక్కన చిన్న మూత ఉంటాది, దాని కింద షిఫ్ట్ లాక్ రిలీజ్ ఉంటాది, అది యాడుందో ఇప్పుడే మాన్యువల్ తీసి చూసి పెట్టుకోండి.

కట్టల మీద నల్లమట్టిలోనో, మైపాడు బీచ్ ఇసకలోనో దిగబడితే డీ, ఆర్ మార్చి మార్చి ఫుల్ యాక్సిలరేటర్ తొక్కొద్దు, నిమిషాల్లో ఆయిల్ కాగిపోతాది. టెంపరేచర్ వార్నింగ్ వస్తే ఆపి, మాన్యువల్లో ఎట్టా చెప్పి ఉంటే అట్టా చల్లారనివ్వండి, చక్రాల ముందు మట్టి తీసి పలకలు వేసి మెల్లగా బయటికి రండి.

బండి మునిగితే ఎన్ని రోజులకి ఎండినా సరే, అన్ని ఆయిళ్ళూ దించి చూసిన తర్వాతే స్టార్ట్ చెయ్యాల. నీళ్ళు కలిసిన గేర్‌బాక్స్‌కి ఒకసారి మారిస్తే సరిపోదు, కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో పాతది మిగిలిపోతాది, మళ్ళీ దించి పొయ్యాల, కనెక్టర్లు కూడా విప్పి శుభ్రం చేయించాల, రొయ్యల గుంట నీళ్ళయితే ఉప్పుకి పిన్నులు ఆకుపచ్చగా చిలుం పట్టేస్తాయి. పోసే ఆయిల్ మీ బండికి కంపెనీ చెప్పిన స్పెసిఫికేషనే ఉండాల, సీవీటీలో (గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు జారి గేర్‌బాక్సే పోతాది.

ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి తియ్యండి. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉందా, అందులో గేర్‌బాక్స్ కూడా రాసి ఉందా చూడండి, లేకపోతే రెన్యువల్ అప్పుడు వేయించుకోండి. నీళ్ళలో ఉన్నప్పుడే నాలుగు పక్కల నుంచి ఫోటోలు తీసి పెట్టండి, బండి కదిలించకముందే కంపెనీకి ఫోన్ చెయ్యండి. ఫ్లాట్‌బెడ్ నంబరు మీ ఫోన్లోనే కాదు, మీ డ్రైవర్ ఫోన్లో, ఇంట్లో బండి తోలే పిల్లల ఫోన్లో కూడా సేవ్ చేయించండి.