స్క్రోవెగ్ని చాపెల్‌ను పదిహేను నిమిషాల్లో చూడడం ఎలా

ఇటలీలోని పాదువా నగరంలో ఎన్రికో స్క్రోవెగ్ని అనే బ్యాంకరు కట్టించుకోగా చిత్రకారుడు జొట్టో గోడలనిండా చిత్రాలు వేసిన ఈ చాపెల్‌లో, అంటే చిన్న ప్రార్థనాలయంలో, సందర్శకులకు దక్కేది సాధారణంగా పదిహేను నిమిషాలే కనుక, ఏది ముందు చూడాలో ముందుగానే నిశ్చయించుకోవాలి. టికెట్టు బుక్ చేసుకోకుండా వెళ్లకండి. తేమ, దుమ్ము చిత్రాలకు చేటు చేయకుండా సందర్శకులను మొదట ఒక గదిలో కూర్చోబెడతారు. ఆ వ్యవధిలో చరిత్రను ఒకసారి మననం చేసుకోండి.

పాత రోమన్ ఆంఫీథియేటర్ శిథిలాలున్న స్థలాన్ని ఎన్రికో 1300లో కొని, తన భవనానికి ఆనించి దీన్ని కట్టించాడు. ప్రతిష్ఠ 1305 మార్చి 25న జరిగింది. ఆయన తండ్రి రెజినాల్డో పేరుమోసిన వడ్డీ వ్యాపారి. ఇటాలియన్ కవి డాంటే తన కావ్యంలో నరకంలో కూర్చోబెట్టిన వడ్డీ వ్యాపారుల్లో ఒకడు ఆయనేనని వ్యాఖ్యాతలు గుర్తిస్తారు. ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా కొడుకు దీన్ని కట్టించాడని తరచూ చెబుతారు. వంశగౌరవాన్ని చాటుకోవాలన్న కోరిక కూడా అంతే బలంగా ఉందని నేను నమ్ముతాను, ఎందుకంటే సొంత ప్రార్థనకు ఉద్దేశించిన చోట గంటల గోపురం కూడా కట్టడంపై పొరుగున ఉన్న ఎరెమితాని సన్యాసులు 1305లోనే ఫిర్యాదు చేశారు.

లోపలికి అడుగుపెట్టగానే చిత్రాల జోలికి పోక కట్టడాన్ని చూడండి. ఉన్నది ఒక్కటే హాలు, దానిపై అర్ధవృత్తాకారపు కప్పు. బలిపీఠం వైపు తిరిగితే కుడిగోడకు ఆరు కిటికీలుంటాయి, ఎడమగోడకు ఒక్కటీ లేదు. 1827లో కూల్చివేసిన ఆ భవనం అటువైపే ఉండేది. చిత్రాల మధ్య కనిపించే చట్రాలు, కింది వరుసలోని పాలరాతి పలకలు నిజమైన రాతిపని కావు, జొట్టో చిత్రించినవి. బలిపీఠానికి ముందున్న కమాను కింద ఇరువైపులా రెండు చిన్న గదులు, వాటిలో వేలాడే దీపాలు కనిపిస్తాయి. అవి కూడా చదునైన గోడ మీద రంగులే. ఇక్కడ ఒక నిమిషం ఎక్కువే వెచ్చించండి.

ఆ కమానుకే ఎడమవైపు, యేసును పట్టించడానికి డబ్బుసంచి అందుకుంటున్న శిష్యుడు యూదాను, అతని వెనుక నల్లని దయ్యాన్ని గమనించండి. ఆపై వెనుదిరిగితే ప్రవేశద్వారపు గోడంతా అంతిమ తీర్పు పరచుకొని ఉంటుంది. కింద మోకరిల్లి, చాపెల్ నమూనాను మరియమ్మకు సమర్పిస్తున్నవాడే ఎన్రికో. అదే గోడమీద నరకంలో డబ్బుసంచుల తాళ్లకు వేలాడుతున్నవారు ఉన్నారు. రెండింటినీ కలిపి చూస్తేనే బ్యాంకరు భయం అర్థమవుతుంది.

మిగిలిన సమయంలో మరియమ్మ, యేసుల కథాచిత్రాలను కుడిగోడ పైవరుసలో, బలిపీఠం దగ్గరి చివర నుంచి మొదలుపెట్టి, అక్కడినుంచి గోడల వెంట చుట్టూ తిరుగుతూ కిందికి దిగుతూ చదవండి. అన్ని ఘట్టాలూ చూడలేకపోయినా చింతించనక్కరలేదు. బలిపీఠం మీద జొవాన్నీ పిసానో చెక్కిన మరియమ్మ విగ్రహాన్ని, దాని వెనుక 1336లో వెనిస్‌లో ప్రవాసంలో మరణించిన ఎన్రికో సమాధిని మాత్రం విడిచిపెట్టవద్దు. జొట్టో ఈ చాపెల్ కోసం చిత్రించిన సిలువ ఇప్పుడు పక్కనే ఉన్న ఎరెమితాని మ్యూజియంలో ఉంది. బయటికి వచ్చాక అక్కడికి వెళ్లండి.