అగ్రి ఇంజనీరింగ్ చదవాలన్నా, చెప్పాలన్నా: ముందు కొలవండి, ఫార్ములా తర్వాత

వంద కిలోల గింజ ఉంది, తేమ 20 శాతం. దాన్ని 14 శాతానికి ఆరబెట్టాలంటే ఎన్ని కిలోల నీళ్ళు పోవాలి? కొత్త బ్యాచ్ రాగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడిగీ అడగ్గానే వెనక బెంచీ నుంచి ముందు బెంచీ దాకా ఒకటే జవాబు వస్తుంది, ఆరు కిలోలు సార్, ఇందులో ఏముంది అని.

చాలానే ఉంది. ఆరేటప్పుడు గింజలో మారనిది పొడి పదార్థం ఒక్కటే, అది 80 కిలోలు. ఆరాక ఆ 80 కిలోలే మొత్తం బరువులో 86 శాతం అవ్వాలి, అంటే మొత్తం 93.02 కిలోలు, పోయిన నీళ్ళు 6.98 కిలోలు. కిలోనే కదా తేడా అంటారు, అదే 100 టన్నులైతే దాదాపు ఒక టన్ను నీళ్ళు లెక్కలోకి రాకుండా పోయినట్టే, వాటిని ఆవిరి చెయ్యడానికి కావాల్సిన వేడి, టైము అన్నీ తక్కువ వేసుకున్నట్టే. లెక్కలు బాగా వచ్చినవాళ్ళే ఇక్కడ బోల్తా పడతారు, ఎందుకంటే శాతం అనగానే "దేంట్లో శాతం?" అని అడగడం ఎవరికీ అలవాటు లేదు. వెట్ బేసిస్‌లో (మొత్తం బరువులో నీళ్ళ వాటా) 20 శాతం అంటే డ్రై బేసిస్‌లో (పొడి పదార్థంతో పోల్చిన నీళ్ళు) 25 శాతం, అదే గింజ, అదే నీళ్ళు. ఈ రెండూ కలిపేసి ఫైనల్ ఇయర్‌లో డ్రయర్ డిజైన్ చేసినవాళ్ళని కూడా చూశా.

మిగతా బ్రాంచిల వాళ్ళకి స్టీల్ కడ్డీ ఉంటుంది, దాని గుణాలు టేబుల్‌లో ఉంటాయి, నంబర్ తీసి ఫార్ములాలో వేస్తే పని చాలావరకు అయిపోతుంది. మనకి మట్టి, గింజ, ఆకు, పాలు. ఒకే బస్తాలోంచి మూడు గుప్పెళ్ళు తీసి కొలిస్తే మూడు నంబర్లు వస్తాయి. 1907లో మొదలైన అమెరికన్ అగ్రికల్చరల్ ఇంజనీర్ల సొసైటీ 2005లో తన పేరులో "బయలాజికల్" అనే మాట చేర్చుకుంది, కానీ పేరు మారక ముందు కూడా మన చేతిలో ఉన్నది ప్రాణమున్న సరుకే. అందుకే ఈ కోర్సుని మెకానికల్ చదివినట్టు చదివితే రెండో ఏడాదికే విసుగొస్తుంది, ఏ నంబరూ పుస్తకంలో ఉన్నట్టు రాదు మరి.

సరే, ఎలా చదవాలి, ఎలా చెప్పాలి.

కొలిచే ముందు ఊహించి రాయండి

లాబ్‌లోకి వెళ్ళగానే పరికరం ముట్టుకోకండి. ముందు నోట్‌బుక్‌లో మీ అంచనా పెన్నుతో రాయండి, తప్పయినా కొట్టెయ్యొద్దు. తర్వాత కనీసం ఐదు శాంపిల్స్ కొలవండి, ఒక్కటి కొలిచి వచ్చేస్తే ఆ రీడింగ్ నిజమో మీ అదృష్టమో తెలీదు. ఐదూ ఎంత అటూ ఇటూ అయ్యాయో చూశాకే ఫార్ములా తియ్యండి. లెక్చరర్లకి చెప్పేదేంటంటే, మనం సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తాం, గంటసేపు బోర్డు మీద డెరివేషన్ చేసి, ఆఖర్న "లాబ్‌లో ఇది వెరిఫై చేస్తారు" అంటాం, ఇంక స్టూడెంట్ ఏం చేస్తాడు, ఫార్ములాకి సరిపోయేలా రీడింగ్ రాసుకొస్తాడు. తప్పు వాడిది కాదు, మనం అడిగిందే అది.

క్లాసులో స్టూడెంట్స్‌తో పని చేయిస్తే సిలబస్ అవ్వదని భయపడేవాళ్ళకి ఒక మాట. సైన్స్, ఇంజనీరింగ్, మాథ్స్ క్లాసుల మీద జరిగిన 225 స్టడీలని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2014లో వచ్చింది, అందులో వట్టి లెక్చర్ వినే క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం, స్టూడెంట్స్‌తో పని చేయించే క్లాసులతో పోలిస్తే, 1.5 రెట్లు ఉందని తేలింది. సిలబస్ మనం పూర్తి చేస్తాం, వాళ్ళు ఫెయిలవుతారు, అదేం పూర్తి చెయ్యడం?

స్ప్రేయర్ దగ్గర ఒక పూట

ఒక్క లాబే చేయించే వీలుంటే నేను ఇదే చేయిస్తా. ట్యాంకులో మామూలు నీళ్ళే పొయ్యండి, మందు వద్దు. పెద్దగా పరికరాలేం అక్కర్లేదు, ఒక కొలజాడీ, స్టాప్‌వాచ్, టేపు చాలు. ముందు నేల మీద 30 మీటర్లు కొలిచి గుర్తు పెట్టి, ట్రాక్టర్ అది దాటడానికి ఎన్ని సెకండ్లు పడుతుందో చూడండి. 18 సెకండ్లు పడితే గంటకి 6 కిలోమీటర్ల స్పీడ్. ఇప్పుడు బండి ఆపి, పని చేసేటప్పుడు ఉండే ప్రెషర్ పెట్టి, ఒక్కో నాజిల్ కింద జాడీ పట్టి నిమిషం సేపు నీళ్ళు పట్టండి.

నాజిల్‌కి నిమిషానికి 0.8 లీటర్లు వచ్చిందనుకోండి, నాజిల్స్ మధ్య దూరం 0.5 మీటర్లు. 0.8 ని 600 తో గుణించి, 6 తోనూ 0.5 తోనూ భాగిస్తే హెక్టారుకి 160 లీటర్లు. ఇక్కడ ఆపి, ఆ 600 ఎక్కడినుంచి వచ్చిందో స్టూడెంట్స్‌నే తియ్యమనండి. నిమిషాలని గంటలు చెయ్యడానికి 60, కిలోమీటర్లు ఇంటూ మీటర్లని హెక్టార్లు చెయ్యడానికి 10, అంతే, కానీ ఒకసారి సొంతంగా తీసినవాళ్ళు ఆ ఫార్ములా జన్మలో మర్చిపోరు. తర్వాత స్పీడ్ 5 కి తగ్గితే ఎంత అని అడగండి, ప్రెషర్ మారకపోతే 192 అవుతుంది. డ్రైవర్ కొంచెం నెమ్మదించినందుకు హెక్టారుకి 32 లీటర్లు ఎక్కువ పడిపోయింది, అదే మందైతే? ఆ మాటతో క్లాసులో కాసేపు సైలెన్స్ వస్తుంది, నాకు ఆ సైలెన్స్ ఇష్టం.

అసలు పాఠం దీని తర్వాత ఉంది. పది నాజిల్స్‌లో తొమ్మిది 0.80 దగ్గరే ఉంటాయి, ఒకటి 0.92 ఇస్తుంది. ఎవరో ఒకరు సగటు తీసి 0.81 వచ్చింది, బాగానే ఉంది సార్ అంటారు. చేలో పంట సగటు కింద ఉండదు కదా, ఆ ఒక్క నాజిల్ కింద ఉన్న వరస ఈ చివర్నుంచి ఆ చివరిదాకా 15 శాతం ఎక్కువ మందు తింటుంది. కొత్త నాజిల్ కంటే 10 శాతం ఎక్కువ ఇస్తుంటే అది అరిగినట్టు లెక్క, మార్చెయ్యాలి. సగటు ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ మోసం చేస్తుందో స్టాటిస్టిక్స్ పేపర్‌లో ఏడాదంతా చదివినా ఇంత బాగా ఎక్కదు.

తప్పు చేసిన లాబే గుర్తుంటుంది

నేను చదివేటప్పుడు మా గ్రూప్‌కి డబుల్ రింగ్ ఇన్‌ఫిల్ట్రోమీటర్ ఇచ్చారు, నేల నీళ్ళని ఎంత వేగంగా పీలుస్తుందో కొలిచే పరికరం అది, లోపలి రింగు 30 సెంటీమీటర్లు, బయటిది 60. మేం ఎండలో తొందరపడి లోపలి రింగులో మాత్రమే నీళ్ళు పోసి రీడింగులు తీసేశాం, నీళ్ళు గటగటా దిగిపోతుంటే ఈ నేల భలే పీలుస్తోందని సంబరపడ్డాం కూడా. బయటి రింగులో కూడా నీళ్ళుంటేనే లోపలి నీళ్ళు నిటారుగా కిందకి దిగుతాయి, లేకపోతే పక్కలకి పాకిపోతాయి, రేటు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మా సార్ రిపోర్ట్ చూసి సున్నా వెయ్యలేదు, "మళ్ళీ సరిగ్గా చేసి, రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద గియ్యి" అన్నారు. బయటి రింగు ఎందుకు అన్న ప్రశ్న ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూలో వచ్చినా నాకు ఆలోచించే పని పడలేదు. నేను ఇప్పుడు ఈ లాబ్‌లో కావాలనే ఒక గ్రూప్‌ని బయటి రింగు లేకుండా చెయ్యమంటున్నా.

ఓవెన్ దగ్గర కూడా ఇలాంటిదే జరుగుతుంది. తేమ కొలవడానికి మట్టి శాంపిల్‌కి 105 డిగ్రీలు, 24 గంటలు. మొక్కజొన్న గింజ అలాగే పొడి చెయ్యకుండా పెడితే 103 డిగ్రీలు, 72 గంటలు. రెండూ ఒకే ఓవెన్‌లో పెట్టి మర్నాడు పొద్దున్నే రెండూ తీసేస్తారు, గింజ లోపల నీళ్ళు ఇంకా ఉంటాయి, తేమ తక్కువ వచ్చిందని గింజని తిడతారు.

సైక్రోమెట్రిక్ చార్ట్ చేత్తో గియ్యండి

గాలి వేడి, అందులోని తేమ రెండూ ఒకే కాగితం మీద చూపించే పటం ఇది. యాప్ ఉంది కదా అనొద్దు, మొదటి పది లెక్కలు చార్ట్ మీద పెన్సిల్‌తోనే. 30 డిగ్రీల గాలి, సాపేక్ష తేమ (ఆ వేడిలో గాలి పట్టుకోగలిగే నీళ్ళలో ఎంత ఉందో) 80 శాతం. దాన్ని 45 డిగ్రీలకి వేడి చేస్తే తేమ 35 శాతం దగ్గరికి పడిపోతుంది. "మరి ఆ తేమ ఎక్కడికి పోయింది?" అని అడగండి. ఎక్కడికీ పోలేదు, గాలిలో నీళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, పట్టుకోగలిగే శక్తి పెరిగింది అంతే. చార్ట్ మీద గీత అడ్డంగా పోతోంది, పైకీ కిందకీ కదల్లేదు అని వేలితో చూపిస్తే డ్రయర్ ఎలా పని చేస్తుందో సగం తెలిసిపోయినట్టే. యాప్‌లో ఆ గీత కనిపించదు, నంబర్ వచ్చేస్తుంది.

ఫుడ్ ప్రాసెసింగ్‌లో స్టెరిలైజేషన్ కూడా ఇలాగే ఒక ప్రశ్నతో మొదలుపెట్టొచ్చు: 121.1 డిగ్రీల్లో ఒక నిమిషంలో అయ్యే పని, 10 డిగ్రీలు తగ్గిస్తే ఎంతసేపు? డబ్బా ఆహారాన్ని విషం చేసే బొట్యులినం క్రిమికి లెక్కల్లో వాడే z విలువ (పట్టే సమయం పది రెట్లు అవ్వాలంటే వేడి ఎన్ని డిగ్రీలు తగ్గాలో చెప్పేది) 10 డిగ్రీలు కాబట్టి పది నిమిషాలు. మైక్రోబయాలజీ మనకెందుకు అని గొణిగేవాళ్ళు ఇక్కడ గొణగడం ఆపేస్తారు.

మెషినరీ లాబ్ గురించి ఒక్కటే చెప్తా, పీటీఓ షాఫ్ట్ (ట్రాక్టర్ ఇంజన్ శక్తిని తగిలించిన యంత్రానికి అందించే తిరిగే కడ్డీ) 540 ఆర్‌పీఎం అంటే సెకండుకి తొమ్మిది చుట్లు, వదులు చొక్కా, చున్నీ, విరబోసిన జుట్టు ఏది అందుకున్నా అరిచే టైం కూడా ఉండదు. షీల్డ్ లేకపోతే ఆ రోజు లాబ్ లేదు.

పరీక్షలు, మార్కులు

అన్ని నంబర్లూ ఇచ్చేసి విలువ కనుక్కో అనే ప్రశ్నలు తగ్గించండి. అక్కర్లేని నంబర్ రెండు పెట్టండి, కావాల్సినది ఒకటి దాచండి, స్టూడెంటే అంచనా వేసి అది ఎందుకు వేశాడో రాయాలి. మొదటిసారి గోల చేస్తారు, రెండో ఇంటర్నల్‌కి అలవాటు పడతారు. స్టూడెంట్స్‌కైతే, జవాబు రాగానే ఒక్క క్షణం ఆగి అది నమ్మేలా ఉందా చూసుకోండి, మొన్న ఒక పేపర్‌లో గింజ తేమ 130 శాతం వెట్ బేసిస్ అని వచ్చింది, కింద రెండు గీతలు కూడా కొట్టాడు పాపం.

నీటుగా టైప్ చేసిన రికార్డుకి నేను తక్కువ మార్కులే వేస్తా. లాబ్‌లో రాసిన అసలు నోట్‌బుక్ అడుగుతా, మట్టి మరకలున్నా పర్లేదు, ఏ శాంపిల్ ఎక్కడినుంచి తీశారు, ఎన్ని గంటలకి తీశారు, ఓవెన్‌లో ఎప్పుడు పెట్టారు, ముందు ఊహించిన నంబర్ ఎంత, ఇవి ఉండాలి. శాంపిల్ పెట్టే ఖాళీ డబ్బా బరువు రాయడం మర్చిపోయి వచ్చినవాళ్ళని మాత్రం డబ్బా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తూచుకు రమ్మంటా.