వాన నీటికి గ్రాంటు అడగడం ఎలా? మూడో పాఠం: ఎకరం లెక్క

మొదటి పాఠంలో ఫిలడెల్ఫియా నీటి శాఖ పంపే వాన నీటి బిల్లు చదవడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో మన స్థలం గ్రాంటుకు పనికొస్తుందో లేదో తేల్చుకున్నాం. ఈసారి కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. అప్లికేషన్ నెగ్గుతుందో వీగుతుందో చాలావరకు ఈ పాఠంలో వచ్చే ఒక్క అంకె మీదే ఉంటుంది.

కొత్తగా చేరినవాళ్లకు కొంచెం వెనకటి కథ. ఫిలడెల్ఫియాలో దాదాపు 60 శాతం ప్రాంతానికి మురుగు, వాన నీరు ఒకే గొట్టంలో పోతాయి. గట్టి వాన పడితే గొట్టం పట్టక, ఆ కలగలిసిన నీళ్లు డెలావేర్, స్కూకిల్ నదుల్లోకి, వాటిలో కలిసే వాగుల్లోకి పొంగిపోతాయి. భూమి కింద పెద్ద సొరంగాలు తవ్వి నీళ్లు ఆపడం ఒక దారి. నగరం 2011లో ఇంకో దారి పట్టింది. నేల మీదే వాన నీటిని పట్టి ఉంచే 25 ఏళ్ల పథకం అది, పేరు ‘గ్రీన్ సిటీ, క్లీన్ వాటర్స్’. అయితే తారు, కాంక్రీటు, కప్పులు ఎక్కువగా ఉన్నది ప్రైవేటు స్థలాల్లో. గోదాముల్లో, షాపింగ్ సెంటర్లలో, బళ్లలో, చర్చిల్లో. వాటి యజమానులు కలిసిరాకపోతే నగరం ఒక్కటే రోడ్ల పక్కన ఎన్ని గుంతలు తవ్వినా సరిపోదు.

అందుకే కర్రా, బెల్లమూ రెండూ పెట్టారు. కర్ర బిల్లు. 2010 జూలై నుంచి, నాలుగేళ్లలో విడతలవారీగా, ఇళ్లు కాని ఆస్తులకు వాన నీటి చార్జీని స్థల వైశాల్యం, అందులో నీరు ఇంకని భాగం ఎంత అన్నదాని మీద వేయడం మొదలుపెట్టారు. 500 చదరపు అడుగులు ఒక యూనిట్. అంతకుముందు నీటి మీటరు సైజును బట్టి వేసేవారు. కాబట్టి మీటరే లేని పెద్ద పార్కింగ్ లాట్‌కు వాన నీటి చార్జీ పడేది కాదు! ఇది పన్ను కాదు, ఫీజు. అందుకే ప్రాపర్టీ ట్యాక్స్ మినహాయింపు ఉన్న గుడికైనా, బడికైనా ఈ బిల్లు వస్తుంది. గుడి కమిటీల్లో పనిచేసే మనవాళ్లు ఈ సంగతి తెలిసి కంగుతినడం మామూలే.

బెల్లం గ్రాంటు. నీటి శాఖ, నగర పారిశ్రామికాభివృద్ధి సంస్థ పీఐడీసీ కలిసి నడిపేది ఎస్‌ఎమ్ఐపీ (స్టార్మ్‌వాటర్ మేనేజ్‌మెంట్ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్), ఒక ఆస్తి యజమాని అడగడానికి. 2014లో వచ్చిన జీఏఆర్‌పీ (గ్రీన్డ్ ఎకర్ రిట్రోఫిట్ ప్రోగ్రామ్), చాలా ఆస్తులను ఒక మూటగా కట్టి తెచ్చే కాంట్రాక్టర్లకు. మనం నేర్చుకుంటున్నది మొదటిది.

ఇక అసలు విషయం. అప్లికేషన్ రాసేవాళ్లు ఎక్కువగా మొక్కల గురించి, తూనీగల గురించి, పిల్లలకు కలిగే పర్యావరణ స్పృహ గురించి రాస్తారు. రాయండి, తప్పేం లేదు. కానీ డబ్బులిచ్చేవాళ్లు కొంటున్నది తోట కాదు, గొట్టంలోకి పోకుండా ఆగిన గ్యాలన్లు. ఏ ప్రాజెక్టులో తక్కువ డబ్బుకు ఎక్కువ నీళ్లు ఆగుతాయో దానివైపే వాళ్ల చూపు.

ఆ నీళ్లను కొలవడానికి వాళ్లు పెట్టుకున్న కొలత ‘గ్రీన్డ్ ఎకరం’. నీరు ఇంకని ఒక ఎకరం మీద పడే మొదటి అంగుళం వానను పట్టగలిగితే ఒక గ్రీన్డ్ ఎకరం. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. దాని మీద అంగుళం వాన అంటే 3,630 ఘనపుటడుగులు, సుమారు 27,150 గ్యాలన్లు, మన లెక్కలో లక్ష లీటర్ల పైమాట. సూత్రం ఇంతే:

గ్రీన్డ్ ఎకరాలు = మీ గుంతలోకి నీళ్లు పంపే తారు, కాంక్రీటు, కప్పుల వైశాల్యం (ఎకరాల్లో) × పట్టే వాన లోతు (అంగుళాల్లో)

లోతు కనీసం 1 అంగుళం ఉండాలి, మామూలుగా 1.5 దాకా లెక్కలోకి తీసుకుంటారు. ఈ సూత్రంలో మీ స్థలం మొత్తం వైశాల్యం ఎక్కడా లేదు, చూశారా? గుంత సైజు కూడా నేరుగా లేదు. ఎంత గట్టి నేల మీది నీళ్లను అక్కడికి తేగలిగారన్నదే లెక్క.

ఒక ఊహా స్థలంతో చేసి చూద్దాం. ఇందులో డాలర్లన్నీ అభ్యాసం కోసం వేసుకున్నవే. 3 ఎకరాల ఫంక్షన్ హాలు. కప్పు 40,000 చదరపు అడుగులు, పార్కింగ్ 60,000, మిగతాది గడ్డి. పల్లపు మూల ఈశాన్యంలో ఉంది (వాస్తు కూడా కుదిరింది, ఇంకేం కావాలి). నీటి శాఖ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే పార్సెల్ వ్యూయర్‌లో ఈ వైశాల్యాలు దొరుకుతాయి. మీ కొలతకూ వాళ్ల కొలతకూ తేడా ఉంటే ముందు అది సరిచేయించుకోండి. బిల్లు కూడా దాని మీదే వస్తుంది కదా.

మొదటి డిజైన్: పార్కింగ్‌లో సగం, అంటే 30,000 చదరపు అడుగుల నీళ్లు మూలనున్న, మొక్కలు నాటిన వాన నీటి గుంత, అంటే రెయిన్ గార్డెన్‌లోకి. లోతు 1 అంగుళం. 30,000 ÷ 43,560 = 0.69 ఎకరం, అంటే 0.69 గ్రీన్డ్ ఎకరం. ఖర్చు 1,20,000 డాలర్లు అనుకుంటే, గ్రీన్డ్ ఎకరానికి సుమారు 1,74,000.

ఎస్‌ఎమ్ఐపీ తొలి ఏళ్లలో గ్రీన్డ్ ఎకరానికి లక్ష డాలర్లు మించకుండా అడగాలన్నది కొలబద్ద. తర్వాత పరిమితి పెరిగింది. మీరు అప్లై చేసే ఏడాది నిబంధనల్లో ఉన్న అంకే పట్టుకోండి. ఈ పాఠంలో లెక్కకు తేలిగ్గా లక్షే పెట్టుకుందాం. ఆ లెక్కన మన మొదటి డిజైన్ నిలబడదు.

చాలామంది ఇక్కడ ఖర్చు తగ్గించడానికి చూస్తారు. మొక్కలు తగ్గిస్తారు, రాయి తగ్గిస్తారు. దానికి బదులు భాగహారంలో కింది అంకెను, అంటే గ్రీన్డ్ ఎకరాలను పెంచండి. పార్కింగ్ మొత్తం వాలు ఎటుందో చూడండి. చిన్న గట్టు కడితే మిగతా 30,000 అడుగుల నీళ్లూ అదే మూలకు మళ్లుతాయేమో. కప్పు మీది నీళ్లు దించే గొట్టాలు నేరుగా మురుగు కాలువలోకి పోతున్నాయా? అటువైపు సగం గొట్టాలను విడదీసి గుంతకు తిప్పితే ఇంకో 20,000. మొత్తం 80,000.

రెండో డిజైన్: 80,000 ÷ 43,560 = 1.84 ఎకరం. లోతు 1.5 అంగుళం చేస్తే 2.75 గ్రీన్డ్ ఎకరాలు. గుంత పెద్దదవుతుంది, ఖర్చు రెట్టింపై 2,40,000 అయిందనుకోండి. అయినా గ్రీన్డ్ ఎకరానికి సుమారు 87,000 డాలర్లే. ఖర్చు రెండింతలు, నీళ్లు నాలుగింతలు. అడిగే మొత్తం పెరిగినా అప్లికేషన్ బలపడింది.

గుంత పడుతుందా? 80,000 × 1.5 ÷ 12 = 10,000 ఘనపుటడుగుల చోటు కావాలి. పైన 1 అడుగు నీరు నిలిచే లోతు. కింద రెండున్నర అడుగుల మట్టి, అందులో ఐదో వంతు ఖాళీ అనుకుంటే 0.5 అడుగు. దాని కింద 1 అడుగు కంకర, 40 శాతం ఖాళీ, 0.4 అడుగు. మొత్తం 1.9 అడుగులు. 10,000 ÷ 1.9 = సుమారు 5,260 చదరపు అడుగులు. మన గడ్డి 30,680 అడుగులుంది, హాయిగా పడుతుంది. ఇది కేవలం కాగితం మీది అంచనా. సివిల్ ఇంజనీరు సంతకం లేకుండా దీన్ని పంపకండి.

మన ఊళ్ల నుంచి వచ్చిన ఇంజనీర్లు ఇక్కడ ‘ఇది మన ఇంకుడు గుంతే కదా’ అంటారు. సగం నిజం. హైదరాబాద్‌లో ఇంకుడు గుంత పని భూగర్భ జలం పెంచడం, నీరు ఇంకకపోతే గుంత దండగ. ఇక్కడ పని గొట్టం మీద ఒత్తిడి తగ్గించడం. కాబట్టి మట్టి జిగటగా ఉండి నీరు ఇంకకపోయినా పథకం ఆగదు. నీళ్లు పట్టి ఉంచి, వాన వెలిశాక చిన్న రంధ్రం గుండా నెమ్మదిగా కాలువలోకి వదిలినా కలగలుపు గొట్టాల ప్రాంతంలో లెక్కలోకి వస్తుంది. అప్పటికి మురుగు శుద్ధి కేంద్రానికి ఊపిరి ఆడుతుంది. షరతు ఏమిటంటే 72 గంటల్లోపు గుంత ఖాళీ కావాలి, తర్వాతి వానకు చోటుండాలి. అందుకే ఇంకే వేగం పరీక్ష ముందే చేయించండి. పరీక్ష లేని డిజైన్‌లో ఖర్చు అంచనా గాలిలో దీపమే.

ఒక జాగ్రత్త. నాలుగో పాఠంలో నిర్వహణ ఒప్పందం చూస్తాం గానీ, ఇప్పుడే చెప్పాల్సిన ముక్క ఒకటుంది: ఎంత ఎక్కువ నీళ్లు తెస్తే అంత చెత్త, మట్టి కూడా గుంతలోకి వస్తాయి. ఏటా ఎత్తిపోయాల్సింది మీరే. ఒప్పందం ఆస్తి మీద రిజిస్టర్ అవుతుంది కాబట్టి, రేపు హాలు అమ్మినా కొన్నవాళ్ల మీద ఆ బాధ్యత ఉంటుంది. దానికి బదులుగా బిల్లులో క్రెడిట్ వస్తుంది. లాభం నిజమే, కానీ కమిటీలో ఓటు వేయించే ముందు రెండు వైపులా చెప్పండి.

ఇక హోమ్‌వర్క్. ఒక బడికి కప్పు 25,000 చదరపు అడుగులు, తారు ఆటస్థలం 18,560. అన్నీ కలిపి 1.5 అంగుళం పట్టే గుంతకు 1,65,000 డాలర్లు. పక్కనే చర్చి పార్కింగ్ 21,780 అడుగులు, వాలు బడివైపే. దాన్ని కూడా కలిపితే ఖర్చు ఇంకో 45,000. ఏది మేలు? ముందు మీరు చేసి, తర్వాత కిందకు రండి.

బడి ఒక్కటైతే సరిగ్గా 1 ఎకరం, 1.5 గ్రీన్డ్ ఎకరాలు, గ్రీన్డ్ ఎకరానికి 1,10,000. మన లక్ష గీత దాటింది. చర్చిని కలిపితే 1.5 ఎకరం, 2.25 గ్రీన్డ్ ఎకరాలు, గ్రీన్డ్ ఎకరానికి సుమారు 93,300. అంకె ప్రకారం రెండోదే. కాకపోతే ఇప్పుడు ఇద్దరు యజమానులు, ఇద్దరి సంతకాలు, నీళ్లు ఒకరి స్థలం నుంచి ఇంకొకరి స్థలంలోకి పారే హక్కుపై రాతకోతలు కావాలి. చర్చి పెద్దలతో మాట్లాడటం డిజైన్ గీయించే ముందే జరగాలి. వాళ్ల పాత వాన నీటి బిల్లు ఒకటి చేతిలో పట్టుకుని వెళ్లండి, మాట తొందరగా కుదురుతుంది.