టికింటర్ లేబుల్‌లో అంకె మారకపోతే: నా అనుభవం

కర్నూలు ఉల్లి మార్కెట్‌లో మా మామ మండీకి, కాటా బరువును తెర మీద పెద్ద అక్షరాల్లో చూపే ప్రోగ్రాం పైథాన్‌లో విండోలు తయారుచేసే టికింటర్ లైబ్రరీతో రాశాను. బస్తా మారినా లేబుల్‌లో (విండోలో అంకె చూపే చోట) మొదటి అంకే నిలిచిపోయేది, కాసేపటికి విండో బిగుసుకుపోయేది. పైథాన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, స్ట్రింగ్‌వార్ (తను మారితే లేబుల్‌నూ మార్చే వేరియబుల్) పెట్టా, స్లీప్ టైం తగ్గించా. ఏదీ పని చేయలేదు.

తప్పంతా బరువును మళ్లీ మళ్లీ చదవడానికి నేను పెట్టిన వైల్ లూప్‌ది. తెరను మళ్లీ గీసేది టికింటర్ సొంత లూప్ అయిన మెయిన్‌లూప్. నా లూప్ దానికి వంతే రానిచ్చేది కాదు.

ముందు లేబుల్ తయారుచేసే లైన్‌ను, దాన్ని విండోలో పెట్టే ప్యాక్ లైన్‌ను విడదీశాను. రెండూ కలిపి రాస్తే వేరియబుల్‌లో లేబుల్ బదులు None (ఏమీ లేదని అర్థం) మాత్రమే మిగులుతుంది, చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే. తర్వాత వైల్, స్లీప్ తీసేసి, బరువు ఒక్కసారి చదివి లేబుల్.కాన్ఫిగ్‌తో టెక్స్ట్ మార్చే ఫంక్షన్ రాశాను. దాని చివరి లైన్ రూట్.ఆఫ్టర్: లోపల 500, కామా, అదే ఫంక్షన్ పేరు. అంటే 500 మిల్లీసెకన్ల తర్వాత ఆ ఫంక్షన్‌ను మళ్లీ పిలవమని. ఆ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టొద్దు. పెడితే ఆగకుండా తనను తానే పిలుచుకుని రికర్షన్ ఎర్రర్‌తో పడిపోతుంది. మెయిన్‌లూప్ లైన్‌కు ముందు ఆ ఫంక్షన్‌ను ఒకసారి పిలిచాను, అంతే, అంకె కదిలింది!

కాటా నుంచి బరువు వచ్చే సీరియల్ పోర్ట్‌కు టైమౌట్ (ఎదురుచూసే గడువు) 0.1 సెకను ఇచ్చాను, అరకొరగా వచ్చిన లైన్లు వదిలేస్తున్నా. నేను చూసింది ఒక్క కాటా, ఒక్క కంప్యూటర్ మీదే. నెట్ నుంచి ధరలు తెచ్చేలాంటి నిదానం పనులకు ఇది చాలదు, వాటికి వేరే థ్రెడ్ (పక్కన సమాంతరంగా నడిచే పని) కావాలి.