బ్యాండు పాటకు వీడియో: గోదావరి లంకల్లో షూటింగు పెట్టుకునేవాళ్లకు

ముందు పాట ఖరారు కావాలి. "కొంచెం మిక్సింగు మిగిలింది, షూటింగు అయ్యాక చూసుకుందాం" అని బ్యాండువాళ్లంటే షూటింగే వాయిదా వేయండి. టెంపో రవ్వంత మారినా తీసిన పెదాల కదలికంతా వృథా. ఖరారైన ఫైలు చేతికొచ్చాక దాన్ని కాగితం మీదికి దించండి. పల్లవి, ఇంటర్లూడ్, చరణం ఏ సెకనుకు మొదలవుతాయి, అప్పుడు తెర మీద ఎవరుండాలి, ఇంతే. సగటున షాటు 3 సెకన్లనుకుంటే 4 నిమిషాల పాటకు 80 షాట్లు. ఇవన్నీ ముక్కలుగా తీయక్కర్లేదు. అయిదుగురి బ్యాండైతే అందరూ కనబడే వైడ్ ఒకటి, ఒక్కొక్కరి మీద ఒక్కో ఫ్రేము, ఆరూ రెండేసి సార్లు పాట మొత్తం. కెమెరా తిరిగేది 48 నిమిషాలే అయినా సర్దుళ్లతో కలిపి పూట పడుతుంది.

ఇక్కడ లొకేషన్ కంటే ముందు నెల చూసుకోవాలి. దాళ్వా (రబీ వరి) అయ్యాక కాలువలకు నీళ్లు ఆపేస్తారు. మే నెలలో వెళ్తే నీళ్లకు బదులు బురద, ఎండిన గుర్రపుడెక్క కనిపిస్తాయి. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు తెర మీద గొప్పగా ఉంటుంది గానీ ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక వస్తుంది. అంతవరకూ ఆగకుండా, వరద పెరుగుతోందని తెలియగానే లంక షెడ్యూలు మానుకోండి. మా ఓటు ఫిబ్రవరికి. దాళ్వా చేలు పచ్చగా ఉంటాయి, కాలువల నిండా నీళ్లుంటాయి, వానల బెడద తక్కువ.

కొబ్బరితోటలో మధ్యాహ్నం క్లోజప్ పెట్టకండి. మట్టల నీడ ముఖం మీద చారలు చారలుగా పడుతుంది, గాలి వీస్తే అవి కదులుతాయి, ఒక షాటు నీడ ఇంకో షాటుకు అతకదు. తప్పదనుకుంటే 6 అడుగుల వెదురు చట్రానికి పల్చటి తెల్లగుడ్డ బిగించి గాయకుడి తల మీద పట్టండి, ఎదురుగా థర్మోకోల్ షీటు నిలబెట్టండి. షీటు వెలుగు కోసమే కాదు. చుట్టూ ఉన్న పచ్చదనం చర్మం మీద ప్రతిఫలించి గడ్డం కింద జబ్బు రంగు తెస్తుంది, దాన్ని తెల్లటి వెలుగు చాలావరకు కప్పేస్తుంది. వైట్ బ్యాలెన్స్ (కెమెరా రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంచితే చేను వైపు తిరిగినప్పుడల్లా ముఖాల రంగు మారుతుంది, చేత్తోనే పెట్టుకోండి. సెకనుకు 25 ఫ్రేములు తీస్తూ షట్టరు సెకనులో 50వ వంతు ఉంచితే రాత్రి రేవులో ట్యూబులైట్లూ మినుకుమినుకుమనవు.

ఎక్కువమంది దెబ్బతినేది ప్లేబ్యాక్ దగ్గర, అంటే పెదాలు కలిపేందుకు షూటింగులో పాట వినిపించే దగ్గర. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కాలువకు ఇవతల కెమెరా, దాని పక్కనే స్పీకరు, 34 మీటర్ల అవతల గట్టు మీద గాయకుడు ఉన్నారనుకోండి. పాట అతనికి సెకనులో పదోవంతు ఆలస్యంగా అందుతుంది, అంటే రెండున్నర ఫ్రేములు. పెదాలు వెనకబడ్డాయని చూసేవాడు చెప్పలేడు గానీ "ఏదో డబ్బింగులా ఉందిరా" అంటాడు. స్పీకరును గాయకుడి పక్కనే, ఫ్రేము బయట పెట్టండి. అప్పుడు కెమెరా మైకుకే పాట ఆలస్యంగా చేరుతుంది, దాన్ని నమ్మి జతచేస్తే ఈసారి పెదాలు ముందు నడుస్తాయి. అందుకే పాట ముందు నాలుగు బీప్‌లు చేర్చి, నాలుగో బీప్‌కు గాయకుడి పక్కన నిలబడి చప్పట్లు కొట్టించండి. ఎడిటింగులో చేతులు కలిసిన ఫ్రేమును నాలుగో బీప్‌తో కలిపితే దూరంతో పనిలేదు. స్పీకరుకు వైరే వాడండి. బ్లూటూత్ ఆలస్యంగా పలుకుతుంది, ఫోన్లో కనబడే సెకన్లతో కలవదు.

స్లో మోషన్‌లో పాడుతూ కనబడాలంటే సెకనుకు 50 ఫ్రేములు తీసి (25తోనే ఆడిస్తాం కాబట్టి), పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి. తెలుగు చరణానికి ఆ వేగంలో నోరు తిరగదు. 30 ఫ్రేములు, 120 శాతం వేగం చాలు, నడకలో కొంచెం బరువు వస్తుంది. రెండు వేగాల ఫైళ్లూ ఇంటి దగ్గరే తయారు చేసుకోండి.

డ్రమ్మరు నిజంగానే కొట్టాలి, ఉత్తుత్తిగా ఆడించిన చేయి ఇట్టే తెలిసిపోతుంది. కాకపోతే ఆ మోతలో ప్లేబ్యాక్ వినబడదు. డ్రమ్ముల మీద రబ్బరు ప్యాడ్లు వేసి, సింబల్స్ అడుగున టేపు అంటించండి, అతని చెవిలో వైరు ఇయర్‌ఫోన్ పెట్టండి.

పంటు (జనాన్ని, బళ్లను ఏరు దాటించే పడవ) మీద తీసేటప్పుడు డ్రోన్‌తో ఒక ప్రమాదం ఉంది. బ్యాటరీ తగ్గితే అది ఎగిరిన చోటుకే తిరిగొస్తుంది. ఈలోగా పంటు ముందుకు పోయి ఉంటుంది, ఆ చోట మిగిలేది నీళ్లే. రేవులో గట్టు మీంచే ఎగరేయండి, లేదా కంట్రోలరు ఉన్నచోటుకు రమ్మని సెట్టింగు మార్చండి. అద్దెకు తెస్తే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు గ్రీన్ జోనో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటో) కాదో చూడండి. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం దాపుల్లో ఇది మరీ ముఖ్యం.

ఎడిటింగులో టేకులన్నీ పాట కింద ఒకదాని మీద ఒకటి పేర్చి, ముందు డ్రమ్మరు చేతుల్ని చూస్తూ సరిచేయండి, తర్వాతే పెదాలు. ఫైలు 25 ఫ్రేములకే బయటికి తీయండి. 30కి మార్చారంటే పంటు మీద కెమెరా పక్కకు తిప్పుతూ తీసిన పాన్ షాట్లు కుదుపుతాయి.