గొడ్డుపోయిన పండు ఈగలు: నా అనుభవం

మా ల్యాబ్ విశాఖలో, మద్దిలపాలెం దగ్గర. మే నెల ఉక్కపోతకు ఏసీ చేతులెత్తేసింది, గది 29 డిగ్రీలకు చేరింది. కాంటన్-ఎస్ అనే రకం ఆడ ఈగలకు హార్విచ్ అనే మరో రకం మగ ఈగలను జత కట్టాను. పుట్టిన పిల్లలు చూడ్డానికి భేషుగ్గా ఉన్నాయి, కానీ వాటికి సంతానం లేదు. మేతకు బూజు పట్టిందేమోనని కొత్త మేత పోశాం. అయినా అంతే.

ఒక ఆడ ఈగను మైక్రోస్కోప్ కింద కోసి చూస్తే అండాశయాలు ఉండాల్సిన చోట చిన్న పీలికలు! అప్పుడు పి ఎలిమెంట్లు గుర్తొచ్చాయి. క్రోమోజోమ్‌లో ఒక చోట తెగి ఇంకో చోట అతుక్కునే డీఎన్ఏ ముక్కలివి. హార్విచ్‌లో ఇవి దండిగా ఉంటాయి, కాంటన్-ఎస్ లాంటి పాత ల్యాబ్ రకాల్లో ఉండవు. తల్లిలో ఇవి ఉంటే, వాటిని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏలను గుడ్డులోనే కాపలా పెట్టి పంపుతుంది. తండ్రి నుంచి మాత్రమే వస్తే ఆ కాపలా ఉండదు, బీజకణాల్లో గెంతులే గెంతులు; ఆ దెబ్బకు అండాశయాలు ఎదగవు. శరీర కణాల్లో గెంతవు, అందుకే కళ్లూ రెక్కలూ బాగున్నాయి. 1977లో మార్గరెట్ కిడ్‌వెల్ బృందం దీన్ని హైబ్రిడ్ డిస్‌జెనెసిస్ అనే పేరుతో వివరించింది. వేడి ఎక్కువైతే ఇది ముదురుతుంది.

"జత తిప్పి చూడమ్మా" అన్నారు మా మేడం. మళ్లీ కన్నె ఈగలను ఏరడం, అదో పెద్ద చాకిరీ. ఈసారి హార్విచ్ ఆడ, కాంటన్-ఎస్ మగ. అదే గది, అదే వేడి. ఈ పిల్లలకు పుట్టిన లార్వాలతో సీసా కిటకిటలాడింది.

ఇంక్యుబేటర్‌ను 18 డిగ్రీలకు దించితే పాత జత పిల్లలకూ సంతానం కలుగుతుంది. నాకైతే ఆ దారి నచ్చదు: లోపల ముక్కలు గెంతుతూనే ఉంటాయి, కొత్త మ్యుటేషన్లు చేరతాయి. ఇప్పుడు లేబుల్ మీద తల్లి రకమే ముందు రాస్తున్నాం.