డెలివరీ డిప్రెషన్ కొత్త మందు ట్రయల్‌లో చేరమన్నారా? సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

డెలివరీ తర్వాత వచ్చే డిప్రెషన్‌కి కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోంది, చేరతారా అని డాక్టరు అడిగితే మన ఇళ్ళల్లో మామూలుగా జరిగేవి రెండే. 'మా పిల్ల మీద ప్రయోగాలు చేస్తారా' అని అమ్మో అత్తగారో కుర్చీలోంచి లేచిపోతారు, లేదంటే 'ఫ్రీగా ఇస్తున్నారు కదా, అమెరికా మందట' అని కాగితం చదవకుండానే సంతకం పెట్టించేస్తారు. బాలింత ఏమనుకుంటోందో అడిగేవాళ్ళు తక్కువ. కాబట్టి ఇది ముందుగా ఆవిడ కోసం, తర్వాత ఆవిడ ఇంట్లోవాళ్ళ కోసం.

మొదట జబ్బు ఏమిటో తేల్చుకోండి. పురుడయిన రెండో రోజో మూడో రోజో ఊరికే ఏడుపు రావడం, చిన్న మాటకే చిరాకు పడడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో దానంతటదే పోతుంది, దానికి మందు అక్కర్లేదు, ట్రయల్ అసలే అక్కర్లేదు. రెండు వారాలు దాటినా దిగులు పోకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోయినా, బిడ్డని చూస్తే ఏమీ అనిపించకపోయినా, నేను తల్లిగా పనికిరాను అన్న ఆలోచనే తిరుగుతున్నా అది వేరే సంగతి. దిష్టి తీసినా తగ్గదు. ఇదేదో అరుదైన జబ్బు కూడా కాదు, మన దేశంలో జరిగిన పలు అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో నూటికి 22 మంది తల్లులకు ఈ లక్షణాలు కనిపించాయి. ఆసుపత్రిలో ఎడిన్‌బరా స్కేల్ అని 10 ప్రశ్నల కాగితం ఇస్తారు, 0 నుంచి 30 దాకా స్కోరు, 13 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే సాధారణంగా సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు. స్కోరు వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు, డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ పదో ప్రశ్న మాత్రం మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా అని అడుగుతుంది. దానికి జవాబు 'లేదు' కాకపోతే ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి, రాత్రి పూట అయితే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఇక నిద్రే అక్కర్లేనట్టు తిరగడం, లేని గొంతులు వినపడడం, బిడ్డ గురించి వింత నమ్మకాలు మొదలవడం కనిపిస్తే అది సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి కావచ్చు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి, ట్రయల్ మాట అక్కడ ఎత్తకూడదు.

ఇప్పుడు మందు సంగతి. కడుపుతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ నుంచి అల్లోప్రెగ్ననోలోన్ అనే పదార్థం ఒంట్లో బాగా తయారవుతుంది. అది మెదడులో గాబా అనే బ్రేకు వ్యవస్థకి బలం ఇస్తుంది. ప్రసవం కాగానే ఒక్కసారిగా పడిపోతుంది, కొందరి మెదడు ఆ పతనానికి సర్దుకోలేకపోతుంది అన్నది ఈ మందుల వెనక ఉన్న ఆలోచన. దీని మీద వచ్చిన మొదటి మందు బ్రెక్సనోలోన్, 2019 మార్చి 19న అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది, కానీ 60 గంటల పాటు ఆసుపత్రిలో సెలైన్‌లా ఎక్కించాల్సి వచ్చేది, ఉన్నట్టుండి స్పృహ తప్పే ప్రమాదం ఉండేది కాబట్టి పక్కన మనిషి కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చేది, ఖరీదు దాదాపు 34 వేల డాలర్లు ఉండేది. నెలల బిడ్డని వదిలి రెండున్నర రోజులు ఎవరు పడుకుంటారు చెప్పండి, అందుకే పెద్దగా నడవలేదు. తర్వాత 2023 ఆగస్టులో జురనోలోన్ వచ్చింది, జుర్జువే అన్న పేరుతో. నోటితో వేసుకునేది, రోజుకోసారి సాయంత్రం, 14 రోజులతో సరి. దీని ధర 15,900 డాలర్లు పెట్టారు.

ట్రయల్ అంటే ఎలా ఉంటుందో ఈ జురనోలోన్‌దే చూద్దాం, ఎందుకంటే ఇదే కోవలో వచ్చే మందుల ట్రయల్స్ కూడా చాలావరకు ఇలాంటి చట్రంలోనే ఉంటాయి. స్కైలార్క్ అన్న పేరుతో చేశారు. 196 మంది తల్లులు. సగం మందికి 50 మిల్లీగ్రాముల మందు, సగం మందికి చూడడానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర, అంటే ప్లాసిబో. ఎవరికి ఏది వెళ్ళిందో తల్లికీ తెలియదు, స్కోరు వేసే డాక్టరుకీ తెలియదు. డిప్రెషన్ తీవ్రతని కొలిచే హామిల్టన్ స్కేల్ మీద 26 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే తీసుకున్నారు, అంటే తీవ్రంగా ఉన్నవాళ్ళనే. పదిహేనో రోజుకి మందు వేసుకున్నవాళ్ళ స్కోరు సగటున 15.6 పాయింట్లు తగ్గింది. ప్లాసిబో వాళ్ళది ఎంత తగ్గిందనుకుంటున్నారు? 11.6.

ఇక్కడ కాసేపు ఆగండి, చాలామంది ఈ రెండో అంకె చూడకుండానే 'అద్భుతమైన మందు' అంటారు లేదా చూసి 'అంతా మోసం' అంటారు. మందు వల్ల వచ్చింది ఆ 4 పాయింట్ల తేడా, అది నిజమైన తేడానే, పైగా మూడో రోజుకే కనిపించింది, మామూలు డిప్రెషన్ మాత్రలకి వారాలు పడుతుంది కాబట్టి ఆ వేగానికి విలువ ఉంది. కానీ మిగతా 11 పైచిలుకు పాయింట్లు మందు లేకుండానే తగ్గాయి. రోజులు గడిచేకొద్దీ కొంత జబ్బు తనంతట తగ్గుతుంది, మరీ ఎక్కువ స్కోరున్న రోజు కొలిచి తర్వాత మళ్ళీ కొలిస్తే కొంత దిగే కనిపిస్తుంది, వీటికి తోడు ట్రయల్‌లో ఒక మనిషి పదే పదే పిలిచి 'ఎలా ఉన్నావమ్మా, నిద్ర పట్టిందా' అని శ్రద్ధగా అడుగుతారు. మన బాలింతల్ని అలా అడిగేవాళ్ళు ఎంతమంది? వచ్చినవాళ్ళంతా బిడ్డని చూసి వెళ్ళిపోతారు. కాబట్టి మీకు ప్లాసిబో వచ్చినా ఊరికే పోయినట్టు కాదు, అలాగని మందే వస్తుందని ఆశపడి చేరకండి. స్కైలార్క్ లాంటి దాంట్లో సగం సగం అవకాశం, అంతే.

పాల సంగతి చాలా ముఖ్యం, దీని దగ్గరే ఇళ్ళల్లో గొడవలు అవుతాయి. స్కైలార్క్‌లో మొదటి మాత్రకి ముందు పాలివ్వడం ఆపాలి, చివరి మాత్ర తర్వాత ఏడు రోజుల దాకా మళ్ళీ ఇవ్వకూడదు. అంటే దాదాపు మూడు వారాలు. జురనోలోన్ పాలల్లోకి వెళ్ళేది చాలా తక్కువని, తల్లి మోతాదుతో పోలిస్తే ఒక శాతం లోపేనని తర్వాత కొలిచి తేల్చారు, అయినా ట్రయల్‌లో ఉన్నంత కాలం ఆ ట్రయల్ నియమమే పాటించాలి. మీరు చేరేదాంట్లో నియమం ఏమిటో స్పష్టంగా అడగండి. ఆపాల్సి వస్తే కనీసం వారం ముందు నుంచే పంపుతో పాలు తీసి ఫ్రీజర్‌లో పెట్టండి, బిడ్డకి సీసా అలవాటు చేయండి, ఏ డబ్బా పాలు పడతాయో పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. ఆ మూడు వారాలూ పాలు తీసి పారబోస్తూనే ఉండాలి, లేకపోతే గడ్డకట్టి నొప్పి, జ్వరం, ఆ తర్వాత పాలే తగ్గిపోతాయి. 'పాలు పారబోస్తున్నావా' అని అత్తగారు బాధపడతారు, ఆవిడని తప్పుపట్టకండి, ముందే ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరు చేతే చెప్పించండి. ఇవేవీ మీకు కుదరవు, పాలిచ్చే ఆ కాసేపే మీకు రోజంతటిలో కాస్త బాగుంటోంది అనుకుంటే ట్రయల్ వద్దని చెప్పడానికి ఆ ఒక్క కారణం చాలు.

రెండోది రాత్రి. ఈ కోవ మందులు నిద్రమత్తు తెస్తాయి, స్కైలార్క్‌లో మందు వేసుకున్న ప్రతి నలుగురిలో ఒకరికి పైగా మత్తుగా అనిపించింది, కళ్ళు తిరగడం కూడా ఉంది. మాత్ర వేసుకున్నాక 12 గంటలు బండి నడపకూడదని జురనోలోన్ సమాచార పత్రంలోనే పెద్ద హెచ్చరిక ఉంది, నేను బాగానే ఉన్నాను అని మీకు అనిపించినా సరే, ఎందుకంటే ఆ మత్తులో మన నడకని మనం సరిగా అంచనా వేసుకోలేం. కాబట్టి ఆ 14 రాత్రులు బిడ్డని ఎత్తుకునేది, పాలు పట్టేది మీరు కాదు. బిడ్డని పక్కలో వేసుకుని పడుకోవద్దు. పుట్టింట్లో ఉంటే అమ్మ ఉంటుంది, సరే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మీరిద్దరే ఉంటే, భర్తకి పొద్దున ఎనిమిదికి మీటింగ్ ఉంటే, ఆ రెండు వారాలూ ఎవరు లేస్తారో కాగితం మీద రాసుకున్నాకే చేరండి. అమ్మ వీసా మీద వచ్చే తేదీలు చూసుకుని మొదలుపెట్టే రోజు అడిగినా తప్పు లేదు, మరీ ఆలస్యం కానంత వరకు.

తిండి కూడా. జురనోలోన్‌ని కొవ్వు ఉన్న భోజనంతో వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. పథ్యం పేరుతో రాత్రికి కారప్పొడి మెతుకులు పెట్టి సరిపెడితే మందు వేస్ట్ అయినట్టే. నెయ్యి, గుడ్డు, పెరుగు, ఏది కుదిరితే అది. ఇంట్లో ఇచ్చే బాలింత కషాయాలు, లేహ్యాలు, ఊళ్ళో ఇచ్చిన నాటుమందులు అన్నీ ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌కి చూపించండి, 'ఆయుర్వేదమే కదా' అని దాచకండి. ఇప్పటికే సెర్ట్రలిన్ లాంటి మామూలు డిప్రెషన్ మాత్ర వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, కొన్ని ట్రయల్స్‌లో స్థిరంగా వాడుతున్నవాళ్ళని అలాగే చేర్చుకుంటారు. మళ్ళీ గర్భం రాకుండా జాగ్రత్త పడాలి, జురనోలోన్‌కి అయితే చివరి మాత్ర తర్వాత వారం దాకా. గతంలో ఫిట్స్ వచ్చినా, బైపోలార్ అని ఎవరైనా చెప్పినా దాచొద్దు, అది తెలిస్తే మిమ్మల్ని తీసుకోకపోవచ్చు, తీసుకోకపోవడమే మీకు మంచిది.

ఇక కాగితాలు. మన దేశంలో అయితే 2019 కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వర్తిస్తాయి. మొదట ట్రయల్ నంబర్ అడగండి, సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే వివరాలు రావాలి, మొదటి మనిషిని చేర్చుకోకముందే అక్కడ నమోదు కావాలని నియమం. నంబర్ లేదంటే అక్కడితో ఆపేయండి. అమెరికాలో అయితే క్లినికల్ ట్రయల్స్ డాట్ గవ్‌లో చూడొచ్చు. సమాచార పత్రం మీకు అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో ఉండాలి, సంతకం పెట్టాక ఒక కాపీ మీ చేతికి ఇవ్వాలి. అక్కడికక్కడే పెట్టమంటే 'ఇంటికి తీసుకెళ్ళి చదివి వస్తాం' అనండి, అది మీ హక్కు. ట్రయల్ వల్ల దెబ్బతింటే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. ఉన్న వైద్యం ఆపి ప్లాసిబో ఇవ్వడం వల్ల హాని జరిగినా పరిహారం వర్తిస్తుంది, ఇది చాలామందికి తెలియదు. ట్రయల్‌లో చేరినవాళ్ళ హక్కులు, క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఫారంలో ఉందో లేదో చూడండి.

సంతకం తల్లిదే. భర్తది కాదు, మామగారిది కాదు. ఖమ్మం జిల్లాలో 2009లో ఒక అధ్యయనంలో భాగంగా ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు చాలా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలోకి ఎక్కింది. 'పెద్దవాళ్ళు చూసుకుంటారులే' అన్న మన అలవాటు ఎక్కడిదాకా వెళ్తుందో అది చూస్తే తెలుస్తుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి 'వద్దు' అనడానికి ఓపిక ఉండదు, అందుకే ఇంట్లోవాళ్ళు ఆవిడ తరఫున ప్రశ్నలు అడగాలి, నిర్ణయం మాత్రం చెయ్యకూడదు.

నా మాట అడిగితే, ఇంతవరకు ఏ వైద్యమూ మొదలుపెట్టనివాళ్ళు ముందుగా మామూలు దారి గురించి డాక్టర్‌ని అడగండి. కౌన్సెలింగ్, సెర్ట్రలిన్ లాంటి మాత్రలు ఉన్నాయి, ఖరీదు తక్కువ, సెర్ట్రలిన్ పాలల్లోకి వెళ్ళేది కూడా కొద్దిగానే. నెమ్మదిగా పనిచేస్తాయి, అదే ఇబ్బంది. అవి పడనివాళ్ళకి, త్వరగా తేరుకోవాల్సినవాళ్ళకి, ఇంట్లో రాత్రి సాయం ఉన్నవాళ్ళకి ట్రయల్ మంచి అవకాశమే.

చేరాక స్కోరు అడిగేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. డాక్టరు గారు ఇంత చేస్తున్నారు, బాగాలేదంటే బాధపడతారేమో అని 'పర్లేదండీ' అనే అలవాటు మనకి ఎక్కువ. అది మీకూ నష్టం, రేపు ఆ మందు వాడబోయే వేరే తల్లికీ నష్టం. మత్తుగా ఉందా లేదా చూసి నాకు మందే వచ్చింది, నాకు ప్లాసిబోనే అని లెక్కలు వేయకండి, ప్లాసిబోతో కూడా కొందరికి మత్తు వచ్చింది. ఎప్పుడు మానేయాలనిపించినా మానేయొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు, అందుకని ఆసుపత్రి వాళ్ళు మీ మామూలు వైద్యం ఆపకూడదు.

14 రోజులు అయ్యాక ఏమిటన్నది ముందే అడిగి పెట్టుకోండి. స్కైలార్క్‌లో 45వ రోజు దాకానే చూశారు. ఆ తర్వాత మళ్ళీ దిగులు వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలి, అప్పుడు మందు దొరుకుతుందా, దొరికితే ఎవరు కొంటారు అన్నవి ట్రయల్ వాళ్ళు చెప్పాలి. మీ పాత సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ మాత్రం వదులుకోకండి. మీకు వచ్చింది మందా ప్లాసిబోనా అన్నది మామూలుగా ట్రయల్ మొత్తం ముగిశాక గానీ చెప్పరు, అది నెలలు పట్టొచ్చు, కాబట్టి ఇల్లు మారినా ఫోన్ నంబర్ మారినా కోఆర్డినేటర్‌కి తెలియజేయండి.